మలేరియా క్రిమి ఒంట్లో నాచు ముక్క!

పుండ్లకు ఇచ్చే మందు చలిజ్వరానికి ఎందుకు? జ్వరం తగ్గినా మాత్రలు ఎందుకు ఆపకూడదు?

మా ఆఫీసుకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం జీతాల గురించో, వీసాల గురించో ఉంటాయి. పోయిన నెల వచ్చిన ఒక ఫోను మాత్రం వేరు. చేసింది జగిత్యాల వైపు తమ్ముడు. ఇక్కడ గల్ఫ్‌లో నాలుగేళ్లుగా స్టీల్ ఫిక్సర్‌గా పనిచేస్తున్నాడు. కంపెనీ అతణ్ని మూడు నెలల పని మీద ఆఫ్రికాకు పంపుతోంది.

"అన్నా, మలేరియా రాకుంట అని కంపెనీ డాక్టరు డాక్సీసైక్లిన్ మాత్రలు రాసిండు. మెడికల్ షాపాయనేమో గివి పుండ్లకు, మొటిమలకు ఇచ్చే మాత్రలంటున్నడు. డాక్టరు పొరపాటు పడ్డడా? పైంగ, తిరిగొచ్చినంక ఇంకో నాలుగు వారాలు మింగాల్నట. వచ్చేసినంక దోమేడిది, మందేడిది?" అని అడిగాడు.

మంచి ప్రశ్న. మేము డాక్టర్లం కాము. అందుకే వెంటనే జవాబు చెప్పలేదు. తెలిసిన డాక్టరుగారిని అడిగాం, నాలుగు పుస్తకాలు తిరగేశాం. తీరా చూస్తే ఆ చిన్న మాత్ర వెనక వంద కోట్ల ఏళ్ల కథ ఉంది. అది మనందరికీ పనికొచ్చే కథ కాబట్టి ఈ వారం పాఠకులందరితో పంచుకుంటున్నాం.

బేగంపేటలో దొరికిన దొంగ

మలేరియా కథలో మన గడ్డకు పెద్ద పేరే ఉంది. ఈ జ్వరాన్ని కలిగించే క్రిమిని 1880లో అల్జీరియాలో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ మొదట చూశాడు. కానీ అది మనిషి ఒంట్లోకి ఎలా వస్తుందో ఎవరికీ తెలియదు. చెడుగాలి వల్ల వస్తుందని కొందరు, చెరువు నీళ్ల వల్ల వస్తుందని కొందరు అనుకునేవారు.

సికింద్రాబాదులో పనిచేస్తున్న సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ ఆ చిక్కుముడి విప్పాడు. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమల చేత కుట్టించుకున్నాడు. కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా ఇచ్చాడు. ఆ దోమల్ని కోసి సూక్ష్మదర్శిని కింద వెతికాడు. 1897 ఆగస్టు 20న దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమి దొరికింది. ఆయన పనిచేసిన భవనం బేగంపేట పాత విమానాశ్రయం పక్కన ఇప్పటికీ ఉంది. మనలో ఎంతమందిమి మొదటిసారి విమానం ఎక్కడానికి ఆ దారినే పోయామో! 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే రాస్ కంటికి కనిపించని వస్తువు ఒకటి ఆ క్రిమి లోపల ఉంది. అది అప్పటి సూక్ష్మదర్శినికి అందనంత చిన్నది. ఆ తమ్ముడి ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

పేరు తెలియని సంచి

ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినులు వచ్చాక మలేరియా క్రిమి లోపల ఒక చిన్న సంచి కనిపించింది. దాని చుట్టూ పొర మీద పొర. అది ఏం చేస్తుందో ఎవరికీ అంతుపట్టలేదు. 1970లలో ఈ జాతి క్రిముల్లో ఉంగరంలా గుండ్రంగా ఉన్న చిన్న డీఎన్ఏ ఒకటి దొరికింది. అది కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాది అయి ఉంటుందని అనుకుని పక్కన పెట్టారు.

లండన్‌లోని మిల్ హిల్ పరిశోధనశాలలో విల్సన్ బృందం ఆ ఉంగరాన్ని వదిలిపెట్టలేదు. ఓపికగా ఒక్కో అక్షరం చదువుకుంటూ పోయి 1996లో మొత్తం పటాన్ని ప్రకటించింది. అందులో ఉన్నవి సుమారు 35 వేల అక్షరాలు. చదివినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. ఆ రాత మైటోకాండ్రియా రాతలా లేదు. మొక్కల ఆకుల్లో ఉండే హరితరేణువు రాతలా ఉంది!

పదో తరగతి జీవశాస్త్రం గుర్తు తెచ్చుకోండి. ఆకు పచ్చగా ఉండేది హరితరేణువుల వల్ల. ఎండను పట్టి ఆహారం తయారుచేసేవి అవే. మనిషి రక్తంలో, దోమ పొట్టలో, ఎండపొడ తగలని చోట బతికే క్రిమికి హరితరేణువుతో ఏం పని?

ఆ డీఎన్ఏ ఉన్నది పొరల సంచిలోనేనని 1996లో మెల్‌బోర్న్‌కు చెందిన మెక్‌ఫాడెన్ బృందం, 1997లో అమెరికాలో డేవిడ్ రూస్ బృందం చూపించాయి. వాళ్లు పరీక్షించింది మలేరియాకు దాయాది అయిన టాక్సోప్లాస్మా అనే క్రిమిలో. ఆ సంచికి 'ఎపికోప్లాస్ట్' అని పేరు స్థిరపడింది. అందులో పచ్చదనం లేదు. పత్రహరితం చుక్క కూడా లేదు. ఎండతో వంట చేయడం ఎప్పుడో మానేసింది.

మింగినవాడు, మిగిలినవాడు

ఇది క్రిమి ఒంట్లోకి ఎలా వచ్చింది? మింగడం వల్ల వచ్చింది. అదీ ఒకసారి కాదు, రెండుసార్లు.

వంద కోట్ల ఏళ్లకు పైమాటే, ఎండతో ఆహారం చేసుకునే ఒక బ్యాక్టీరియాను ఇంకో కణం మింగింది. మింగింది కానీ అరిగించుకోలేదు. లోపలే ఉంచుకుని దానిచేత వంట చేయించుకుంది. నాచులకు, మొక్కలకు హరితరేణువు అలా వచ్చింది. ఆ తరువాత చాలా కాలానికి అలాంటి ఒక ఎర్ర నాచును మలేరియా క్రిమికి పూర్వీకుడైన ఇంకో జీవి మింగింది. అదీ అరిగించుకోలేదు. ఆ నాచులో చివరికి మిగిలిన ముక్కే ఈ ఎపికోప్లాస్ట్. దాని చుట్టూ నాలుగు పొరలు ఉండటానికి కారణం ఇదే. లోపలి రెండు పాత హరితరేణువువి, మూడోది నాచు ఒంటి పొర, బయటిది మింగినవాడి సంచి పొర అని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు.

మరి మింగుడుపడ్డ నాచు తిరిగి బయటికి ఎందుకు రాలేకపోయింది? ఈ సంగతి మనవాళ్లకు బాగా అర్థమవుతుంది. అది తన జన్యువుల్లో చాలా వాటిని యజమాని కణం కేంద్రకానికి అప్పగించేసింది. పాస్‌పోర్టు కఫీల్ చేతిలో పెట్టినవాడి పరిస్థితి అన్నమాట. తన దగ్గర మిగుల్చుకున్న ఆ చిన్న ఉంగరం 30 దాకా ప్రొటీన్లకు మాత్రమే సరిపోతుంది. కావలసిన మిగతా కొన్ని వందల ప్రొటీన్లు యజమాని దగ్గర తయారై, నాలుగు పొరలూ దాటి లోపలికి రావాలి. ఇక బయటికి పోయి బతికేది ఎక్కడ?

ఈ కథకు సాక్ష్యం ఆస్ట్రేలియా సముద్రంలో దొరికింది. సిడ్నీ రేవులోని పగడాల దగ్గర తీసిన ఒక చిన్న జీవి గురించి 2008లో ప్రకటించారు. దానికి క్రొమెరా వీలియా అని పేరు పెట్టారు. అది మలేరియా క్రిమికి దగ్గరి చుట్టం. కానీ ఇప్పటికీ ఎండతోనే బతుకుతోంది. ఒకే వంశంలో ఒకడు కష్టపడి పండించుకు తింటున్నాడు, ఇంకొకడు ఇళ్లకు కన్నం వేస్తున్నాడు!

దొంగల శాఖలో మలేరియా ఒక్కటే లేదు. మన ఊళ్లలో సంకర జాతి ఆవులకు పిడుదుల వల్ల వచ్చే థైలేరియా జ్వరం, కోళ్లఫారాల్లో పిల్లలకు రక్తపు విరేచనాలు పట్టించే కాక్సీడియోసిస్ కూడా ఈ కుటుంబం క్రిముల పనే. వాటిలోనూ ఈ నాచు ముక్క ఉంది.

పచ్చదనం పోయినా పని పోలేదు

ఎండ లేనప్పుడు హరితరేణువు దండగ కదా, మరి ఇన్ని కోట్ల ఏళ్లు క్రిమి దాన్ని ఎందుకు మోస్తోంది? ఎందుకంటే ఆ వంటింట్లో అన్నం వండటం ఆగినా ఇంకో పని సాగుతోంది. కణానికి తప్పనిసరిగా కావలసిన ఐపీపీ అనే చిన్న పదార్థం అక్కడే తయారవుతుంది. మన ఒంట్లోనూ అది తయారవుతుంది కానీ వేరే పద్ధతిలో. క్రిమి మాత్రం ఆ పాత బ్యాక్టీరియా పద్ధతిలోనే చేసుకుంటోంది.

2011లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఎలెన్ యే, జోసెఫ్ డెరిసి ఒక చక్కటి పరీక్ష చేశారు. పరీక్షనాళికలో రక్తకణాల మధ్య పెరిగే మలేరియా క్రిమికి యాంటీబయాటిక్ ఇచ్చి ఎపికోప్లాస్ట్‌ను పోగొట్టారు. మామూలుగా అయితే చావాలి. కానీ ఐపీపీని బయటినుంచి అందిస్తే ఆ క్రిములు ఎపికోప్లాస్ట్ లేకుండానే పెరిగాయి. అంటే రక్తంలో ఉన్నంతకాలం క్రిమికి ఆ సంచితో ఉన్న తప్పనిసరి అవసరం ఆ ఒక్క సరుకే. అది మన రక్తంలో దానికి దొరకదు. కాబట్టి సంచి పాడైతే క్రిమికి చావే.

తల్లి బతుకుతుంది, పిల్లలు చస్తాయి

ఇప్పుడు తమ్ముడి మొదటి ప్రశ్నకు వద్దాం. పుండ్ల మందు మలేరియాకు ఎందుకు?

డాక్సీసైక్లిన్ బ్యాక్టీరియాలో ప్రొటీన్లు తయారయ్యే యంత్రానికి అడ్డుపడుతుంది. మన కణాల్లో ఆ యంత్రాలు చాలావరకు వేరే రకం కాబట్టి మనకు పెద్దగా దెబ్బ తగలదు. మలేరియా క్రిమి బ్యాక్టీరియా కాదు. కానీ దాని కడుపులో ఉన్న నాచు ముక్క పుట్టుక బ్యాక్టీరియాది. అందులో యంత్రం కూడా పాత బ్యాక్టీరియా రకమే. మందు వెళ్లి సరిగ్గా అక్కడ తగులుతుంది. ఈ రకం మందులు మలేరియా మీద పనిచేస్తాయని డాక్టర్లకు ముందే తెలుసు. కారణం మాత్రం ఎపికోప్లాస్ట్ దొరికాకే తేలింది. కాబట్టి కంపెనీ డాక్టరు పొరపాటు పడలేదు. షాపాయన చెప్పిందీ అబద్ధం కాదు. ఒకే మందు రెండు పనులు చేస్తుంది.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. అందరూ గుర్తుంచుకోవలసింది ఇదే.

ప్రమాదకరమైన ఫాల్సిపారం రకం మలేరియా క్రిమి మన ఎర్ర రక్తకణంలో దూరి, సుమారు 48 గంటల్లో 16 నుంచి 32 పిల్లల్ని పెట్టి, ఆ కణాన్ని పగలగొట్టుకుని బయటికి వస్తుంది. చలి, వణుకు, జ్వరం వచ్చేది అప్పుడే. డాక్సీసైక్లిన్ తగిలిన క్రిమి వెంటనే చావదు. ఏమీ జరగనట్టే పెరుగుతుంది, పిల్లల్ని పెడుతుంది. కానీ ఆ పిల్లలకు సంక్రమించే ఎపికోప్లాస్ట్ పనికిరానిది. పిల్లలు కొత్త రక్తకణాల్లో దూరాక అక్కడే చస్తాయి. మనవలు పుట్టరు. దీన్ని శాస్త్రవేత్తలు 'ఆలస్యపు చావు' అంటారు.

లెక్క చూడండి. మందు దెబ్బ కనిపించడానికి రెండు చక్రాలు, అంటే నాలుగు రోజులు కావాలి. ఈలోగా అడ్డు లేకపోతే ఒక క్రిమి రెండు రోజుల్లో 16, నాలుగు రోజుల్లో 256 అవుతుంది. అందుకే జ్వరం వచ్చి పడుకున్నవాడికి డాక్సీసైక్లిన్ ఒక్కటే ఇస్తే చాలదు. అప్పటికప్పుడు క్రిమిని చంపే వేరే మందు ఉండాలి, దానికి తోడుగా మాత్రమే దీన్ని ఇస్తారు. జ్వరం రాకముందు రోజూ మింగితే మాత్రం మంచి కాపలా.

మరి తిరిగొచ్చాక నాలుగు వారాలు ఎందుకు? దోమ కుట్టగానే క్రిమి రక్తంలో పెరగదు. ముందు కాలేయంలో, అదే లివర్‌లో దాక్కుని, ఒక్కొక్కటి వేలకు వేలుగా పెరిగి, ఆ తరువాత రక్తంలోకి దిగుతుంది. విమానం ఎక్కే రోజు పొద్దున కుట్టిన దోమ వదిలిన క్రిములు మనం ఇక్కడ దిగి డ్యూటీలో చేరాక రక్తంలోకి వస్తాయి. డాక్సీసైక్లిన్ పట్టుకునేది ముఖ్యంగా రక్తంలోకి దిగినవాటినే. పైగా నెమ్మదిగా చంపే మందు. అందుకే అవి దిగేటప్పటికి రక్తంలో మందు సిద్ధంగా ఉండాలి. దోమ అక్కడే ఉండిపోయింది తమ్ముడూ, కానీ అది ఇచ్చిన సామాను నీ లగేజీలో వచ్చింది!

బెంగళూరు ఆశ

ఈ నాచు ముక్క మీద మన దేశంలోనూ మంచి పని జరిగింది. బెంగళూరులో నమితా సురోలియా, అవధేశ సురోలియా 2001లో ఒక సంగతి ప్రకటించారు. సబ్బుల్లో, టూత్‌పేస్టుల్లో వాడిన ట్రైక్లోసాన్ అనే రసాయనం ఎపికోప్లాస్ట్‌లో కొవ్వు తయారయ్యే దారికి అడ్డుపడి మలేరియా క్రిమిని ఆపుతుందని చెప్పారు. ప్రపంచమంతా ఆశగా చూసింది.

తరువాత 2008, 2009 సంవత్సరాల్లో వేరే పరిశోధకులు ఆ కొవ్వు దారిని క్రిమిలోంచి తీసేసి చూశారు. రక్తంలో క్రిమి బాగానే బతికింది. కాలేయంలో పెరిగే చివరి దశలో మాత్రం ఆ దారి లేక ఆగిపోయింది. అంటే జ్వరం వచ్చినవాడికి అది మందు కాలేకపోయింది. అయినా ఆ పని వృథా కాలేదు. ఈ సంచి ఒక్కో దశలో ఒక్కో పని చేస్తుందని తెలిసింది. ఐపీపీ తయారీని ఆపే ఫాస్మిడోమైసిన్ అనే మందును ఆఫ్రికాలోని గాబన్‌లో రోగులకు ఇచ్చి చూశారు. జ్వరం తగ్గింది కానీ ఒంటరిగా ఇస్తే కొందరికి తిరగబెట్టింది. వేట ఇంకా సాగుతోంది.

సాగక తప్పదు కూడా. ఇవాళ మలేరియాకు పెద్ద దిక్కు ఆర్టెమిసినిన్ మందులు. వాటిని కనిపెట్టిన చైనా శాస్త్రవేత్త తు యూయూకు 2015లో నోబెల్ వచ్చింది. కానీ ఆ మందుకు సగం లొంగని క్రిములు ముందు ఆగ్నేయాసియాలో, ఆ తరువాత ఆఫ్రికాలోని కొన్ని దేశాల్లో బయటపడ్డాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2023లో 26 కోట్లకు పైగా మందికి మలేరియా వచ్చింది. దాదాపు 6 లక్షల మంది చనిపోయారు. అందులో అత్యధికులు ఆఫ్రికావాళ్లు, ఎక్కువమంది ఐదేళ్లలోపు పిల్లలు.

లివర్‌లో నిద్రపోయే క్రిమి

మేము క్యాంపులో ఉన్న రోజుల్లో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. మా గదిలో ఆరుగురం. ఒకాయన సెలవు మీద ఊరికెళ్లి, భద్రాచలం ఏజెన్సీలో చుట్టాల పెళ్లి చూసుకుని వచ్చాడు. అక్కడే జ్వరం వస్తే రక్తపరీక్ష చేసి వైవాక్స్ మలేరియా అన్నారు. మూడు రోజుల మాత్రలతో జ్వరం పోయింది. 14 రోజులు వేసుకోమన్న ఇంకో మాత్రల పొట్లాన్ని నాలుగో రోజే పక్కన పడేశాడు. "తగ్గినాక మందెందుకు, ఒళ్లు వేడి చేస్తది" అన్నాడు.

మూడు నెలలకు పై బంకు మీద వణుకు మొదలైంది. మూడు దుప్పట్లు కప్పినా ఆగలేదు. డ్యూటీకి పోకపోతే జీతం కోస్తారని, జ్వరమని తెలిస్తే ఇంటికి పంపేస్తారని భయపడి రెండు రోజులు దాచాడు. మేమూ జలుబు జ్వరమే అనుకుని మాత్రలు తెచ్చి ఇచ్చాం. మూడో రోజు మాట తడబడుతుంటే ఆసుపత్రికి మోసుకెళ్లాం. ఎండదెబ్బ అనుకుని సెలైన్ పెట్టారు. ఊరినుంచి వచ్చిన సంగతి, పాత మలేరియా సంగతి మేం చెప్పాకే రక్తపరీక్ష చేశారు. బతికి బయటపడ్డాడు. ఆ రెండు రోజుల ఆలస్యం మాత్రం మా మనసులో ఇప్పటికీ ముల్లులా ఉంది.

వైవాక్స్ క్రిమి కొంత లివర్‌లో నిద్రపోయి, వారాలకో నెలలకో లేస్తుంది. ఆ నిద్రపోయే క్రిమిని డాక్సీసైక్లిన్ ఏమీ చేయలేదు. దానికి మందు ప్రైమాక్విన్. మా గది మిత్రుడు పక్కన పడేసింది ఆ పొట్లాన్నే.

మనవాళ్లకు నాలుగు మాటలు

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌ను 2007లోనే మలేరియా లేని దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. ఇది మంచి వార్తే. కానీ ఇలాంటి చోట డాక్టరుకు వెంటనే మలేరియా గుర్తుకు రాకపోవచ్చు. గుర్తు చేయవలసింది మనమే.

సెలవు నుంచి వచ్చాక, లేదా ఆఫ్రికా పని నుంచి వచ్చాక, నెలల తరువాతైనా సరే, జ్వరం వస్తే డాక్టరుకు మొదటి మాటగా మీరు ఎక్కడినుంచి ఎప్పుడు వచ్చారో చెప్పండి. మలేరియా పరీక్ష చేయమని అడగండి. ఒక్క రోజు కూడా దాచవద్దు. ఫాల్సిపారం రకం మెదడుకు ఎక్కితే గంటలు కూడా విలువైనవే.

ఇచ్చిన మాత్రలు ఇచ్చినన్ని రోజులూ వేసుకోండి. జ్వరం తగ్గడం వేరు, క్రిమి చావడం వేరు. మిగిలినవి దాచి గదిలో ఇంకొకరికి ఇవ్వవద్దు.

ప్రైమాక్విన్ అందరికీ పడదు. జీ6పీడీ అనే లోపం ఉన్నవాళ్లకు రక్తకణాలు పగిలిపోతాయి. మాత్రలు వేసుకుంటుండగా మూత్రం నల్లగా వస్తే వెంటనే ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి. గర్భిణులకు ఈ మందు ఇవ్వరు.

డాక్సీసైక్లిన్ కూడా సొంతంగా కొని వేసుకునేది కాదు. గర్భిణులకు, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు మలేరియా రాకుండా అని దీన్ని ఇవ్వరు. వేసుకునేవాళ్లు నిండా నీళ్లు తాగి మింగాలి, వెంటనే పడుకోకూడదు. లేకపోతే గొంతు కింద పుండు పడుతుంది. కడుపు మంట మాత్రలతో, ఐరన్ మాత్రలతో కలిపి వేసుకోకూడదు. ఎండలో పనిచేసేవాళ్లకు చర్మం త్వరగా కమిలిపోతుంది. పొడుగు చేతుల చొక్కా, తలకు గుడ్డ తప్పనిసరి. మాత్ర ఉంది కదా అని దోమతెర మరిచిపోవద్దు.

తమ్ముడికి తిరిగి ఫోను చేసి ఇదంతా చెప్పాం. ఓపికగా విన్నాడు. చివరికి, "అంటే అన్నా, దాని కడుపుల ఉన్న పాత నాచే దాన్ని పట్టిస్తున్నదన్నమాట" అన్నాడు. మేము నాలుగు పేజీల్లో చెప్పలేని మాట అతను ఒక్క ముక్కలో చెప్పాడు.

అతను ఇప్పుడు ఆఫ్రికాలో ఉన్నాడు. పొద్దున టిఫిన్ కాగానే మాత్ర వేసుకుంటున్నానని మొన్న కబురు పంపాడు. తిరిగొచ్చాక ఆ నాలుగు వారాలూ మేమే ఫోను చేసి గుర్తు చేస్తామని మాటిచ్చాం. మీ గదిలో అలాంటివాళ్లుంటే మీరూ గుర్తు చేయండి.